గోడ మీద పడవ, పడవలో పీట

సైబర్‌జయ పోయే దారిలో ఈమధ్య ఒక పెద్ద ప్రకటన బోర్డు పెట్టారు. కొత్త ఇళ్ళు కడుతున్నారట. ఇళ్ళ పక్కన పొడుగ్గా ఒక గుంట తవ్వి, దానికి కాలువ అని పేరు పెట్టారు. ఇళ్ళు ఇంకా పునాదుల్లోనే ఉన్నాయి గానీ బోర్డు మీద మాత్రం కాలువ నిండా నీళ్ళు, నీళ్ళ మీద ఇంగ్లండు వాళ్ళ సన్నపడవ ఒకటి. ఆ పడవ ఒళ్ళంతా రోజాపూలు. వెనక చుక్కాని పట్టుకొని ఒకావిడ నిలబడి ఉంది. కారులోంచి అది చూసి నేను పగలబడి నవ్వాను.

బండి నడుపుతున్న మనవడు హడలిపోయాడు. "ఏంటి పాటీ, వాట్ లా?" అన్నాడు. వాడికి తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి రాదు. మాట చివర ఈ దేశపు 'లా' మాత్రం తప్పకుండా వస్తుంది. నేను చెప్పడం మొదలుపెట్టేసరికి వాడికి ఫోను వచ్చింది. ఫోను అయ్యేసరికి ఇల్లు వచ్చింది. వినే తీరిక ఎవరికీ లేదు కనక ఇక్కడ రాసుకుంటున్నాను.

అప్పుడు మేం తెలుక్ ఇంటాన్‌లో ఉండేవాళ్ళం. ఆ రోజుల్లో దాని పేరు తెలుక్ ఆన్సన్. ఊరి మధ్య గడియారం గోపురం ఒక పక్కకి వాలి ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ దాన్ని చూసినవాళ్ళం కాబట్టి లోకంలో ఏదైనా కాస్త వంకరగా ఉన్నా మాకు పట్టింపు ఉండేది కాదు, ఒక్క మా అప్పకి, అంటే నాన్నకి, తప్ప. మా అప్ప తెలుగువాడు, అమ్మ తమిళావిడ. ఇంట్లో తమిళమే నడిచేది. తెలుగు అక్షరాలు మాత్రం అప్ప నన్ను పక్కన కూర్చోబెట్టుకొని దిద్దించాడు. నది ఒడ్డున గోదాములో గుమాస్తా ఆయన. చొక్కా గుండీ నుంచి చెప్పుల జత దాకా అన్నీ వరసలో ఉండాలి. నేను కూడా వరసలోనే ఉండాలి.

మలయు దేశంలో తెల్లవాళ్ళ ఏలుబడి చివర్లో వచ్చిన ఎమర్జెన్సీ రోజులవి. అడవిలో దాక్కొని పోరాడుతున్న కమ్యూనిస్టులకి తిండి అందకూడదని సర్కారు సవాలక్ష కట్టుబాట్లు పెట్టింది. చీకటి పడితే కర్ఫ్యూ. ఊరు దాటాలంటే గేటు దగ్గర సంచులు విప్పి చూపించాలి. అన్నిటికన్నా విడ్డూరం డబ్బాల సంగతి. కొట్లో పాలడబ్బా కొన్నా, చేపల డబ్బా కొన్నా, అమ్మేవాడు అక్కడికక్కడే దానికి చిల్లి పొడిచి ఇవ్వాలి. చిల్లిపడ్డ డబ్బా నిలవ ఉండదు, నిలవ ఉండనిది అడవికి పోదు. అదీ లెక్క. మా ఇంటికి ఎదురుగా ఒక చీనా తౌకే, అంటే షావుకారు, కిరాణా కొట్టు ఉండేది. ఆయన ఉలీ సుత్తీ బల్ల మీద సిద్ధంగా పెట్టుకొనేవాడు. డబ్బా చేతికి తగిలితే చాలు, టక్కుమని పొడిచేవాడు. అమ్మ చీర మీద పాలు కారని రోజు లేదు.

ఆ కొట్టు పక్కగోడ మా మేడ కిటికీకి సరిగ్గా ఎదురు. నా పెళ్ళి కుదరడమూ కుదరకపోవడమూ ఆ గోడ మీదే ఆధారపడింది.

సంగతేమిటంటే, మెర్డేకా దగ్గర పడుతోంది. దేశం స్వతంత్రమయ్యే వేళకి ఊరూరా తమ బొమ్మ గోడల మీద ఉండాలని ఒక బిస్కెట్ల కంపెనీ అనుకుంది. ఆ కంపెనీ ఏజెంటు మా ఊరి గోడని ఒక పెయింటరుకి అప్పజెప్పాడు. ఆ పెయింటరుకీ నాకూ అంతకు ముందే పెళ్ళిచూపులు జరిగాయి. ఊరికి కాస్త దూరంలో ఉన్న కొబ్బరి ఎస్టేట్ మనిషి. తల్లీ తండ్రీ లేరు, నాయనమ్మ పెంచింది. పెళ్ళిచూపుల్లో అతను నేలచూపులే చూశాడు. నేను మాత్రం అతని చెవి వెనక నీలం రంగు మరక దాకా చూశాను. నేను కాఫీ గ్లాసు అందిస్తే, "కాలుతాది, జాగర్త" అన్నాడు. ఆ గ్లాసు వంటింట్లోంచి మోసుకొచ్చింది నేనే. అయినా ఆ మాట నాకు నచ్చింది.

అప్పకి నచ్చలేదు. "పెయింటరు అంటే పని ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు లేదు. ఈ గోడ చూడ్డానికి కంపెనీ దొర వస్తాడట. ఆయన మెచ్చి ఇతన్ని పర్మనెంటు చేస్తే తాంబూలాలు. లేకపోతే బంటింగ్ సంబంధం" అన్నాడు.

బంటింగ్ సంబంధం అంటే ఆ ఊరి ఎస్టేట్ గుమాస్తా. చూపులకి వచ్చి మా ఇంట్లో కూర్చున్నంతసేపూ తన కడుపు గురించి చెప్పాడు. ఏది పడుతుంది, ఏది పడదు, ఏది పడ్డట్టే పడి తర్వాత ఏం చేస్తుంది. నన్ను ఒక్క మాట అడిగాడు, చారు పలచగా పెట్టడం వచ్చా అని. ఆ గోడ గెలవాలని నేను మొక్కని దేవుడు లేడు.

గోడ మొదలైన రోజే గండం వచ్చింది. ఏజెంటు ఇపో నుంచి కారులో దిగాడు. బొమ్మ ఏమిటని పెయింటరు అడిగితే, "మా బిస్కెట్ డబ్బా మూత మీద ఉన్నదే" అని తౌకే కొట్లో ఒక డబ్బా కొన్నాడు. తౌకే డబ్బా తీశాడు, బల్ల మీద పెట్టాడు, టక్కుమని పొడిచాడు, చేతికిచ్చాడు.

ఏజెంటు లబోదిబోమన్నాడు. "బొమ్మ కోసమయ్యా! తినడానికి కాదు!"

"బొమ్మయితే ఏం, డబ్బా డబ్బాయే లా" అన్నాడు తౌకే మలయులో, ఉలి తుడుచుకుంటూ. "నేను జైలుకి పోతే కొట్టు నువ్వు చూస్తావా?"

కర్ఫ్యూ లోపల ఇంకో ఊరు చేరాలని ఏజెంటు ఆ మూతే పెయింటరు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. పెయింటరు దాన్ని ఎండకెత్తి చూశాడు. కిటికీ వెనక నుంచి నేనూ చూశాను. సన్నటి పడవ, రోజాపూలు, చుక్కాని దగ్గర టోపీ పెట్టుకున్న ఆడమనిషి. పడవ ముక్కు నుంచి తాడు బయలుదేరి, గట్టు మీదుగా పోయి, తిన్నగా తౌకే పొడిచిన చిల్లిలోకి దూరిపోయింది. ఆ తాడు పట్టుకొని లాగుతున్నదేదో చిల్లితోబాటే పోయింది.

ఏం లాగుతున్నట్టు? వీధి వీధంతా చేరి ఆలోచించింది. ఇంజనే అన్నాడు తౌకే. మనుషులే అన్నాడు రొట్టెల బండివాడు. పెయింటరు అందరికీ తలూపి, చివరికి తనకు తెలిసింది వేశాడు. "మా ఎస్టేట్‌లో కొబ్బరికాయల పడవని గట్టు మీద ఎద్దే లాగుతాది. ఏ దేశమైనా కాలవ కాలవే గదా" అన్నాడు. మంచి తెల్లటి ఎద్దు, మెడలో గంటతో సహా తయారైంది. పైన గుండ్రంగా పసుపుపచ్చది ఏదో సుత్తి చొట్టలో కనబడితే అది చంద్రుడనుకొని చంద్రుణ్ణి వేశాడు.

ఇక్కడి నుంచి అసలు తిరనాళ్ళు మొదలయ్యాయి. మా ఊళ్ళో గోడ మీద బొమ్మని బొమ్మగా చూసినవాడు ఒక్కడు లేడు. పడవ కనబడింది కాబట్టి అది నడవాలి, నడవాలంటే దానికి కావలసినవన్నీ ఉండాలి.

తౌకే బయటికి వచ్చి చూసి, పడవ ముక్కుకి కళ్ళేవీ అన్నాడు. చీనా పడవలకి కళ్ళు వేస్తారు. "కళ్ళు లేకపోతే దారి ఎట్లా చూస్తుంది? నా గోడకే వచ్చి గుద్దుకుంటుంది లా." పెయింటరు తలూపాడు. మధ్యాహ్నానికి పడవకి రెండు గుడ్లు వచ్చాయి.

మర్నాడు బస్సులో అతని నాయనమ్మ అన్నం క్యారియరుతో దిగింది. దిగుతూనే గోడ చూసి క్యారియరు కింద పెట్టేసింది. "ఏట్రా ఇది? గంగమ్మకి మొక్కకండానే పడవని నీటిలోకి దింపేసినావా?"

"బొమ్మే గదే నాయనమ్మా" అన్నాడు పెయింటరు.

"బొమ్మయితే ములగదేటి?"

పెయింటరు మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. పడవ ముక్కు మీద పసుపూ కుంకుమా వేశాడు. నిమ్మకాయల దండ వేశాడు. ముసలామె రెండు మిరపకాయలు కూడా చేర్పించి, దిష్టి తీసి, అప్పుడు అన్నం పెట్టింది.

ఆ తర్వాత పోలీసు ఇన్‌స్పెక్టరు సైకిలు ఆపాడు. మలయు మనిషి, నెమ్మదస్తుడే, కానీ డ్యూటీ అంటే డ్యూటీ. బొమ్మని చాలాసేపు చూశాడు. "అది చంద్రుడా?" అన్నాడు. అవునన్నాడు పెయింటరు. "రాత్రి కాలవలో పడవ నడపకూడదు. కర్ఫ్యూ." పెయింటరు చంద్రుడికి కిరణాలు పెట్టి సూర్యుణ్ణి చేశాడు. "నంబరు ఏది? నంబరు లేని పడవ వదలం." నంబరు రాశాడు. "లోపల ఏముంది?" ఏమీ లేదన్నాడు. "ఏమీ లేకపోతే కిటికీలు ఎందుకు మూసి ఉన్నాయి?" పెయింటరు కిటికీలన్నీ తెరిచి, లోపల ఖాళీ కనబడేలా గోడలు కూడా వేశాడు. ఇన్‌స్పెక్టరు వంగి ఒక్కొక్క కిటికీలోకీ తొంగి చూసి, సరే పో అన్నట్టు చెయ్యి ఊపాడు. ఎవరికి ఊపాడో, పెయింటరుకో పడవకో తెలియదు.

అప్ప రోజూ గోదాము నుంచి వచ్చి, చొక్కా విప్పకుండానే కిటికీ దగ్గరికి వచ్చేవాడు. "ఇవాళ మిరపకాయలు! రేపు ఇడ్లీలు కూడా కడతాడేమో చూడు" అని అమ్మని పిలిచి చూపించేవాడు. "గంగిరెద్దు తలూపినట్టు ఎవరేం చెప్పినా ఊపుతాడే! కాదు అనే మాట వాళ్ళ ఎస్టేట్‌లో పుట్టలేదా?" నాకు ఒళ్ళు మండేది. కానీ అప్ప మాటలో నిజం లేకపోలేదు. ఊపుతున్నాడు మరి.

ఒకరోజు అప్ప ఇంట్లో లేడు. నేను కిటికీ చెక్క సందులోంచి గోడ చూస్తున్నాను. ఎద్దుకి గంట ఉంది, పడవకి కళ్ళున్నాయి, నంబరుంది, దిష్టికి నిమ్మకాయలున్నాయి. ఆ టోపీ ఆవిడ మాత్రం మొదటి రోజు నుంచీ నిలబడే ఉంది. అంత ఎండలో, ఆ తెరిచిన కిటికీల పక్కన. అందరూ పడవ సంగతి చూశారు, మనిషి సంగతి ఒక్కరు చూడలేదు. పొద్దున్నించి పొయ్యి దగ్గర నిలబడి నాకు కాళ్ళు పీకుతున్నాయి, దానితో ఆవిడ మీద జాలి ఎక్కువైంది. పెళ్ళిచూపులైన పిల్ల జవాబు తేలేదాకా కనబడకూడదు, మాట్లాడకూడదు. చెక్క కాస్త తోసి అనేశాను.

"ఆవిడ ఎంతసేపని నిలబడుతుంది? ఒక పీట వేయండి."

అతను తలెత్తలేదు. ఎత్తితే వీధి చూస్తుందని తెలుసు. అట్లాగే తలూపి, కుంచె మార్చాడు. ఆవిడ వెనకగా ఒక ముక్కాలిపీట వేశాడు, ఎర్రటిది. మా వంటింట్లో దానికంటే బాగుంది.

తౌకే టీ తాగుతూ వచ్చి చూశాడు. "పీట వేశావు, మరి కూర్చోబెట్టలేదే?"

"పీట ఏసినాను" అన్నాడు పెయింటరు. "కూకుంటాదో మానుతాదో, అది ఆ యమ్మ ఇష్టం."

నేను కిటికీ మూసి అక్కడే కూర్చుండిపోయాను. మా ఇంట్లో అప్పటిదాకా నా ఇష్టం అనే మాట ఎవరూ పలకగా నేను వినలేదు. ఆ మనిషి నాకు కావాలని అప్పుడు గట్టిగా అనుకున్నాను. పర్మనెంటైనా కాకపోయినా కావాలి. కానీ నా అనుకోవడంతో జరిగే పనా అది?

దొర ఆదివారం వచ్చాడు. పినాంగ్ నుంచి పెద్ద కారు. ఏజెంటు ముందుగా దిగి తలుపు తీశాడు. వీధంతా మంచి బట్టలు వేసుకొని వచ్చింది. పెయింటరు నాయనమ్మ కొత్త చీర కట్టింది, ఇన్‌స్పెక్టరు టోపీ సర్దుకొని నిలబడ్డాడు. మేడ మీద కిటికీలో అప్ప, అప్ప వెనక నేను.

దొర గోడ ముందు నిలబడ్డాడు. ఎద్దు నుంచి చుక్కాని దాకా చూశాడు, మళ్ళీ చుక్కాని నుంచి ఎద్దు దాకా చూశాడు. తర్వాత ఏజెంటుతో ఒక్క మాట అన్నాడు.

"గుర్రం ఏదంటున్నారు" అని తర్జుమా చేశాడు ఏజెంటు.

"గుర్రమట!" అంది వీధి. గుర్రం అన్న ఆలోచన ఎవరికీ రాలేదు. గుర్రమంటే మాకు ఇపోలో పందేలకి పరిగెత్తేది. ఒక పడవని నెమ్మదిగా లాగడానికి దాన్ని తెస్తారని ఎవరనుకుంటారు?

పెయింటరు జేబులోంచి మూత తీసి, చిల్లి చూపించాడు. దొర ఆ చిల్లిలోంచి అవతలికి చూశాడు, ఇవతలికి తిప్పి చూశాడు. నమ్మకం కుదరలేదు. చిల్లి లేని డబ్బా ఒకటి తెమ్మన్నాడు, గుర్రం ఎట్లా ఉంటుందో తానే చూపిస్తానని. తౌకే పరుగున లోపలికి పోయి కొత్త డబ్బా తెచ్చాడు. మెరిసిపోతోంది. మూత మీద నిజంగానే చక్కటి గోధుమరంగు గుర్రం. అది నేను మేడ మీద నుంచి చూశాను, క్షణంసేపు. దొర చెయ్యి చాచాడు. అమ్ముడుపోయిన డబ్బా కదా, తౌకే చెయ్యి దాని పని అది చేసేసింది. టక్. గుర్రం మళ్ళీ పోయింది.

ఇన్‌స్పెక్టరు ఒక్కడు తౌకే వంక చూసి, బాగుంది అన్నట్టు తల పంకించాడు.

దొర ముఖం టమాటాపండులా అయింది. మొత్తం తుడిచెయ్యమన్నాడు, ఇప్పుడే తుడిచెయ్యమన్నాడు. కారెక్కి వెళ్ళిపోయాడు. పర్మనెంటు మాట ఎత్తడానికి ఏజెంటుకి కూడా ధైర్యం చాలలేదు.

"సరి, అయిపోయింది" అన్నాడు అప్ప. "బంటింగ్ వాళ్ళకి రేపే కబురు పెడతాను. ఇతనికి పని లేదు, అది పోనీ. కాదనడం చేతకాని మనిషి ఇల్లెట్లా నడుపుతాడు? రేపు ఎవడో వచ్చి నీ పెళ్ళాన్ని పుట్టింట్లో దింపి రా అంటే తలూపి దింపి వస్తాడు."

అప్ప వెనక నిలబడి చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను.

కింద పెయింటరు సున్నం బకెట్ కలిపాడు. నిచ్చెన వేసి మొదలుపెట్టాడు. సూర్యుడు పోయాడు. ఎద్దు పోయింది. తౌకే కళ్ళు పోయాయి. నిమ్మకాయలు పోతుంటే ముసలామె లెంపలేసుకొని గంగమ్మకి క్షమాపణ చెప్పుకుంది. ఖాళీ కిటికీలు పోయాయి, నంబరు పోయింది, టోపీ ఆవిడా పోయింది. గోడంతా తెల్లగా అయింది. మధ్యలో ఎర్రటి ముక్కాలిపీట ఒక్కటి మిగిలింది. పెయింటరు నిచ్చెన దిగి కుంచె బకెట్‌లో పెట్టేశాడు.

"అదీ తుడు" అన్నాడు ఏజెంటు.

"తుడవను" అన్నాడు పెయింటరు.

అప్ప కిటికీలోంచి ఇంకాస్త వంగాడు.

"ఏమిటి, తుడవవా? దొర మొత్తం తుడవమన్నాడు!"

"దొర ఆయన గుర్రం ఆయన అడిగినాడు. తౌకే అడిగినవీ, మా నాయనమ్మ అడిగినవీ తుడిసీసినాను, ఆళ్ళు ఇక్కడే ఉన్నారు, ఒద్దనలేదు. ఈ పీట అడిగినోళ్ళు ఏరే. ఆళ్ళు తుడవమంటే తుడుస్తాను. మీరు సెప్పినా, దొర సెప్పినా తుడవను."

"ఎవరా అడిగింది?"

పెయింటరు తల ఎత్తలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు, మా ఇంట్లో కాఫీ రోజు నిలబడ్డట్టే. కానీ తౌకే తలెత్తి మా కిటికీ వంక చూశాడు. ఇన్‌స్పెక్టరు చూశాడు. నాయనమ్మ కూడా చెయ్యి అడ్డం పెట్టుకొని చూసింది. వాళ్ళందరూ చూస్తున్నది తన్నేమోనని అప్ప మొదట చొక్కా గుండీలు తడుముకున్నాడు. తర్వాత మెల్లిగా వెనక్కి తిరిగాడు.

"నువ్వా?"

"అవునప్పా."

"నువ్వు అడిగితే వేశాడా?"

"అందరూ అడిగితే వేశాడు. నేనూ అడిగాను."

అప్ప నన్ను చూశాడు, కిందికి చూశాడు. ఏజెంటు కేకలు వేస్తూనే ఉన్నాడు. పెయింటరు కదల్లేదు. ఎవరేం చెప్పినా తలూపే మనిషి, అంతమంది ముందు, ఉన్న ఒక్క పనీ పోగొట్టుకున్నాక, రాయిలా నిలబడ్డాడు. అప్ప గొంతు సవరించుకున్నాడు.

"అడుగుతున్నారుగా" అన్నాడు నాతో. "ఏం చెబుతావో చెప్పు."

నేను ఆయన్ని పక్కకి తోసుకొని కిటికీలోంచి సగం దాకా వంగాను. ఊరంతా వినేలా చెప్పాను.

"తుడవొద్దు!"

అప్పుడు ఎత్తాడు తల. ఎత్తి, ఊపాడు.

అప్ప చొక్కా లోపలికి దోపుకొని మెట్లు దిగాడు. దిగుతూ అమ్మతో, "కాదనడం వచ్చే ఇతనికి. ఎక్కడనాలో అక్కడే అంటున్నాడు" అన్నాడు. తిన్నగా పోయి ఆ ముసలామె ముందు నిలబడ్డాడు. తాంబూలానికి తమలపాకులు తౌకే కొట్లోనే తెచ్చారు. వాటికి మాత్రం ఆయన చిల్లి పొడవలేదు.

మెర్డేకా రోజున మా వీధి నిండా జెండాలు. బ్యాండు వాయిస్తూ ఊరేగింపు ఆ గోడ ముందు నుంచే పోయింది. తెల్లటి గోడ మీద ఎర్రటి పీట ఎందుకుందో తెలియక, కొత్త సర్కారువాళ్ళు వేయించారేమో అని చాలామంది అనుకున్నారు. తౌకే కూడా వేలెత్తి చూపించి, కొత్త దేశంలో ఎవరైనా కూర్చోవచ్చు లా అని చెప్పుకొచ్చాడు. వానలకి అది వెలిసేదాకా ఉంది.

మా ఆయన ఎవరికీ పర్మనెంటు కాలేదు. కొబ్బరి పడవలకి నంబర్లు రాశాడు, కొట్లకి బోర్డులు రాశాడు, గుళ్ళలో వాహనాలకి రంగులు వేశాడు. ఇంట్లో నాకూ పిల్లలకీ ఏనాడూ కాదనలేదు. కాదనాల్సినవన్నీ నేనే అనవలసి వచ్చింది. ఆయనతో ఎన్నోసార్లు కోప్పడ్డాను కూడా. ఆ ఆదివారం అన్న ఒక్క మాటతో ఆయన కోటా అయిపోయిందని ఎకసెక్కం చేసేదాన్ని. అవునని తలూపేవాడు.

నిన్న మళ్ళీ అదే దారిలో పోయాం. బోర్డు మీద ఆవిడ ఇంకా చుక్కాని పట్టుకొని నిలబడే ఉంది. మనవణ్ణి కాస్త నెమ్మదిగా పోనిమ్మన్నాను. ఈసారి నవ్వు రాలేదు, ఆయన మీద బెంగ వచ్చింది. ఆయన ఉండి ఉంటే నేను నోరు తెరవక్కర్లేదు. కారు ఆపించి, దిగి, ఎవరినో నిచ్చెన అడుగుతూ ఉండేవాడు.